ర్యామ్ రేట్లు ఇలా ఉంటే పాత ఏఎం4 (ఏఎండీ పాత ప్రాసెసర్ సాకెట్) బోర్డు మీదే ఇంకో రెండేళ్ళు లాగొచ్చా?

కరీంనగర్_రెండర్:
అన్నలూ నమస్తే. నా సిస్టం రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16జీబీ డీడీఆర్4 (పాత తరం ర్యామ్) 3000 (8+8), జీటీఎక్స్ 1660, సప్లై 550 వాట్స్ బ్రాంజ్. పగలు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ల ప్రాడక్ట్ రెండర్లు చేస్త, రాత్రి గేమ్స్, మానిటర్ 1080పీ 144 హెర్ట్జ్. దసరా టైంల ఏఎం5కి (డీడీఆర్5 ర్యామే పట్టే ఏఎండీ కొత్త సాకెట్) పోదాం అని లిస్ట్ మొత్తం రాసి పెట్టుకున్న, 9600ఎక్స్, బీ650, 32జీబీ డీడీఆర్5 6000 కిట్. ఇంట్ల వేరే ఖర్చు వచ్చి ఆగిన. ఇప్పుడు చూస్తే అప్పుడు 10 వేల దగ్గర ఉన్న కిట్ 30 దాటింది, నా బడ్జెట్ మొత్తం 70 వేలు, అందుల సగం ర్యామ్‌కే పోతే గ్రాఫిక్స్ కార్డు ఏంతోని కొనాలె? షాపాయన ఏమో "ఎండాకాలం వరకు తగ్గుతది ఆగు" అంటుండు. ఆగమంటారా, లేకపోతే ఉన్న బోర్డు మీదనే ఏమన్న చెయ్యొచ్చా? మా బావ అమెరికాల ఉంటడు, ఆయనతోని తెప్పించుకుంటే లాభమా?

పాత_పెంటియం:
ఎండాకాలానికి తగ్గుతుందని ఆ షాపాయనకి ఎవరు చెప్పారో గానీ నేనైతే ఆ లెక్కన ఆగను తమ్ముడూ. ఇది పండగ సేల్ అయిపోయాక పెరిగిన రేటు కాదు. ప్రపంచంలో డీరామ్ (ర్యామ్‌లో ఉండే మెమరీ చిప్) దాదాపు అంతా మూడు కంపెనీలే చేస్తాయి, శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఈ ముగ్గురూ ఇప్పుడు ఏఐ సర్వర్ల కార్డుల్లో వాడే హెచ్‌బీఎం అనే మెమరీ వైపు లైన్లు తిప్పేశారు, ఎందుకంటే లాభం అక్కడుంది. హెచ్‌బీఎంతో ఉన్న చిక్కేంటంటే ఒక జీబీ హెచ్‌బీఎం చెయ్యడానికి పట్టే వేఫర్ (చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక) మీద సుమారు మూడు జీబీల డీడీఆర్5 చెయ్యొచ్చు, అంటే వాళ్ళు అటు కొంచెం జరిగినా మనకి ఇటు పెద్ద లోటు కనపడుతుంది. దానికి తోడు 2025 అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐ వాళ్ళు స్టార్‌గేట్ అనే ఏఐ డేటా సెంటర్ల ప్రాజెక్టు కోసమని శామ్‌సంగ్, హైనిక్స్‌తో ఒప్పంద పత్రాలు రాసుకున్నారు, నెలకి 9 లక్షల వేఫర్ల దాకా అన్నారు. అంతా నిజంగా కొంటారా అన్నది వేరే సంగతి, ఆ మాట వినగానే మిగతా పెద్ద కొనుగోలుదారులంతా ముందే సరుకు బుక్ చేసుకోడానికి పరుగెత్తారు. డిసెంబర్ 3న మైక్రాన్ అయితే ఏకంగా మనలాంటి వాళ్ళకి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ బ్రాండే మూసేస్తున్నాం, 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపుతాం అంది. ఉన్నవాటికి వారంటీ ఇస్తామన్నారు కాబట్టి క్రూషియల్ స్టిక్స్ ఉన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. కొత్త ఫ్యాబ్ (చిప్పుల ఫ్యాక్టరీ) కట్టి సరుకు తియ్యాలంటే ఏళ్ళ పని. మైక్రాన్ వాళ్ళ ఐడహో ఫ్యాబ్‌లో మొదటి వేఫర్లే 2027లో అంటున్నారు.

డల్లాస్_బావ:
ఆ "అమెరికా బావ" కేటగిరీలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్తున్నా 😀 ఇక్కడేం చవగ్గా లేదు బ్రో. మొన్నటిదాకా 100 డాలర్ల చుట్టూ తిరిగిన 32జీబీ కిట్లు ఇక్కడ కూడా మూడింతలకి పైనే ఉన్నాయి. పైగా రేపు స్టిక్ పోతే చాలా బ్రాండ్లకి కొన్న దేశంలోనే వారంటీ చూస్తారు, మళ్ళీ సూట్‌కేస్‌లో వెనక్కి రావాలి. మీ బావని పచ్చళ్ళ బరువుతో వదిలెయ్యి, ర్యామ్ అడక్కు.

కరీంనగర్_రెండర్:
@పాత_పెంటియం అన్నా మరి గుజరాత్‌ల మైక్రాన్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు కద, అది నడిస్తే మనకాడ తగ్గదా?

పాత_పెంటియం:
సానంద్‌ది అసెంబ్లీ, టెస్ట్, ప్యాకింగ్ ప్లాంట్. వేఫర్ అక్కడ తయారవదు, బయట నుంచి వచ్చిన దాన్ని కోసి ప్యాక్ చేసి టెస్ట్ చేస్తారు. కొరత ఉన్నది వేఫర్ల దగ్గర. రేటు మాత్రం ప్రపంచం మొత్తానికి ఒకటే.

సీటీసీ_చక్కర్లు:
భయ్ నువ్వు డీడీఆర్5 ముచ్చటే మర్చిపో. చేతిల 16జీబీ డీడీఆర్4 ఉన్నోడివి, ఈ టైంల అది బంగారం లెక్క. ఆ బీ450లనే బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 7 5700ఎక్స్ పెట్టు, ఎనిమిది కోర్లు, 65 వాట్స్, నీ కూలర్ మంచిదైతే అదే సరిపోతది, 2600 నుంచి పోతే ఫరక్ మస్తు కొడ్తది. 5800ఎక్స్3డీ దొరికితే గేమ్స్‌కి ఇంకా మంచిది, ప్రాసెసర్ లోపలనే 96 ఎంబీ క్యాషే మెమరీ ఉంటది కాబట్టి నీ ర్యామ్ 3000 స్పీడే అయినా పెద్దగ తెల్వదు, కాని అది ఇప్పుడు కొత్తది దొరకదు, సెకండ్ హ్యాండ్‌ల కూడా అడిగినంత అడుగుతుండ్రు, రెండర్ పని చేసేటోడివి నీకు 5700ఎక్స్ చాలు.
బయోస్ కొట్టేటప్పుడు పాత 2600 బోర్డులనే ఉంచి కొట్టు, అయినంక ప్రాసెసర్ మార్చు. బోర్డు కంపెనీ పేజీల "ముందు ఫలాన వర్షన్ వెయ్యాలె" అని ఉంటే అట్లనే ఒక్కొక్క మెట్టు ఎక్కు, డైరెక్ట్ లేటెస్ట్‌కి దుంకకు. యూపీఎస్ లేకుంటే పక్కింటోళ్ళది అడుక్కో, మధ్యల కరెంట్ పోయిందనుకో ఇగ బోర్డు చేతిల పట్టుకొని రిపేర్ షాపుల చుట్టు తిరగాలె.
16జీబీ సాలకపోతే సెకండ్ హ్యాండ్‌ల ఇంకో రెండు 8 స్టిక్స్ చూడు. డీడీఆర్4 కూడా పెరిగింది, కంపెనీలు దాన్ని తగ్గించుకుంట వస్తున్నయి, అయినా డీడీఆర్5 కన్న నయమే. మెమ్‌టెస్ట్ (ర్యామ్ చెక్ చేసే ప్రోగ్రాం) ఒక పూర్తి రౌండ్ నడిపి ఎర్రర్ లేకుంటేనే పైసలియ్యి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌ల నాకొకాయన టెస్ట్ చెయ్యనియ్య అన్నడు, నమస్తే పెట్టి పక్క షాపుకి పోయిన.

షేడర్_స్టటర్:
ఏఎం4 సలహాకి నేనూ ఓటేస్తా కానీ గ్రాఫిక్స్ కార్డు దగ్గర జాగ్రత్త. బీ450 అంటే పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి) 3.0. ఎన్విడియా ఆర్టీఎక్స్ 5060 టీఐ కార్డు ఆ దారిలో పదహారు లేన్లు వాడదు, ఎనిమిదే. ఆ బోర్డులో అది 3.0 ఎక్స్8 మీద, అంటే సెకనుకి సుమారు 8జీబీ దారిలో నడుస్తుంది. 16జీబీ కార్డు అయితే పెద్ద నష్టం లేదు, ఎందుకంటే టెక్స్‌చర్లన్నీ కార్డులోనే పడతాయి. అదే 8జీబీ కార్డు కొన్నావనుకోండి, మెమరీ నిండగానే మిగిలింది సిస్టం ర్యామ్‌లోకి పోతుంది, ఆ సన్నటి దారిలో వెనక్కీ ముందుకీ తిరుగుతుంది, ఎఫ్‌పీఎస్ నంబర్ బానే కనిపిస్తూ ఆట మాత్రం కుదుపులు కుదుపులుగా ఉంటుంది. ఒకే పేరుతో రెండు కార్డులు అమ్మడమే అన్యాయం, 2025 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు రెండిటికీ మధ్య తేడా 50 డాలర్లు, దానికోసం జనాన్ని ఇలా బురిడీ కొట్టించాలా. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మాత్రం పూర్తి ఎక్స్16, దాంట్లో కూడా 16జీబీదే తీసుకోండి. నా ఓటు దానికే, రేటూ తక్కువ.

సీటీసీ_చక్కర్లు:
గేమ్స్ వరకైతే ఒప్పుకుంట. కాని ఆయన బ్లెండర్ అంటుండు కద భయ్. బ్లెండర్ రెండర్ ఇంజన్ సైకిల్స్‌ల, ఎన్విడియా కార్డులు వాడే ఆప్టిక్స్ ముందు ఏఎండీ కార్డులు వాడే హిప్ ఇంకా ఎనకనే. పని మీద పైసలొచ్చేటోడు ఎన్విడియా తీసుకోవాలె.

షేడర్_స్టటర్:
అది నిజమే, పని రోజూ ఉంటే 5060 టీఐ 16జీబీనే. 8జీబీది అంటగడితే మాత్రం బయటికొచ్చెయ్యండి. ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డుల్లో ఉండే జీడీడీఆర్ మెమరీ చేసేది కూడా శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్ ఆ ముగ్గురే, కాబట్టి 16జీబీ కార్డుల రేటు పెరక్కుండా ఇలాగే ఉంటుందని నేను అనుకోను. ముందు కార్డు కొనండి, ప్రాసెసర్ తర్వాత.

ఓవర్‌క్లాక్_ఓంకారం:
అందరూ ఏఎం4 అంటున్నారు, నేను అడ్డం మాట్లాడతా. ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ పైన కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఒక్క 16జీబీ డీడీఆర్5 స్టిక్‌తో మొదలెట్టి తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు కదా? డీడీఆర్5లో ఒక స్టిక్‌లోనే రెండు ఛానళ్ళుంటాయి.

పాత_పెంటియం:
ఆ రెండూ 32 బిట్ల సబ్ ఛానళ్ళు బాబూ. రెండూ కలిపి 64, రెండు స్టిక్స్ వేస్తేనే 128 అవుతుంది, ఒక్కదానితో బ్యాండ్‌విడ్త్ (డేటా పారే వేగం) సగమే. అయినా మీ దారి తప్పేం కాదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అదే చెప్తాను. రెండు స్లాట్ల దగ్గరే ఆగాలి అంతే, నాలుగు నింపితే ఏఎం5లో అధికారిక స్పీడ్ 3600కి పడిపోతుంది. కానీ ఈ తమ్ముడి దగ్గర నడుస్తున్న బోర్డు, ర్యామ్ ఉన్నాయి. వాటిని పక్కన పడేసి కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, సగం ర్యామ్ కొంటే గ్రాఫిక్స్ కార్డు మళ్ళీ 1660 దగ్గరే ఉంటుంది. రెండర్ చేసేది కార్డే కదా.

కరీంనగర్_రెండర్:
సరే అన్నలూ, అయితే ముందు 5060 టీఐ 16జీబీ, ఆ తర్వాత 5700ఎక్స్. నాకొక డౌట్, ఎన్విడియా పేజీల ఆ కార్డుకి 600 వాట్స్ సప్లై అని రాసి ఉంది, నాది 550, మార్చాల్నా?

షేడర్_స్టటర్:
కార్డు తినేది 180 వాట్స్, 5700ఎక్స్‌కి 65 అన్నా లోడ్ మీద 76 దాకా లాగుతుంది. మంచి కంపెనీ 550 అయితే బోలెడు చోటుంది, ఆ 600 అనేది నాసిరకం సప్లైలని కూడా కలుపుకొని రాసిన లెక్క. మోడల్ పేరు, ఏ సంవత్సరం కొన్నారో పెట్టండి, చూసి చెప్తా. ఆ కార్డుకి పెట్టడానికి సప్లైలో 8 పిన్ కేబుల్ ఒకటి ఖాళీగా ఉందో లేదో కూడా చూడండి.