అమెరికా నల్లవారి పౌరహక్కుల పోరాటంలో పాటలు నిజంగా పని చేశాయా?

పాతక్యాసెట్:
ఆ ఉద్యమం అనగానే అందరూ పాటలే తలుచుకుంటారు. నాకిది అతి అనిపిస్తుంది. జార్జియాలోని ఆల్బనీ చూడండి. 1961-62లో జనం వందల్లో పాడుకుంటూ జైలుకెళ్లారు. ఊరి అధికారులు దిగొచ్చారా? లేదు. పోలీస్ చీఫ్ ప్రిచెట్ వాళ్లని చుట్టుపక్కల కౌంటీల జైళ్లకు సర్దేసి ఉద్యమాన్ని నీరుగార్చాడు. అలబామాలోని మాంట్‌గోమరీలో, సీట్ల దగ్గర వివక్షకు నిరసనగా నల్లవారు చేసిన 381 రోజుల బస్సుల బహిష్కరణ గెలిచింది జనాన్ని పనులకు చేరవేసిన కార్ల ఏర్పాటు వల్ల, కోర్టు కేసు వల్ల. పాటలు మరీ ఎక్కువయ్యాయి, ఇక ఆపండని 1964లో నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ కూడా అన్నాడు.

చెవులపిల్లి:
ఆ కార్ల సంగతి మాట్లాడుకున్నది ఎక్కడండీ? చర్చి సభల్లో. ఆ సభల్లో పాట లేకుండా ఏది జరిగింది?

చట్టం మార్చిందా అని పాటను అడగడమే నాకు నచ్చదు. దాని పని భయంతో. 1962 ఆగస్టు 31న మిసిసిపీలో 18 మంది ఓటు నమోదుకి బస్సులో ఇండియనోలా వెళ్లారు. తిరిగొస్తుంటే పోలీసులు ఆపారు. బస్సు రంగు మరీ పసుపుగా ఉందట, అదీ నేరం! అందరూ బిగుసుకుపోయి కూర్చుంటే ఫ్యానీ లూ హేమర్ పాట ఎత్తుకుంది. ఆమె అప్పటికి నాయకురాలేమీ కాదు, పత్తి తోటలో పనిచేసే మనిషి. ఆ రాత్రే యజమాని వెళ్లగొట్టాడు. అయినా తగ్గలేదు.

చందాపుస్తకం:
డబ్బు మాట ఎవరూ ఎత్తరేం? ఆల్బనీ ఓడిందన్నారు కదా, ఫ్రీడమ్ సింగర్స్ అనే పాటల బృందం పుట్టింది అక్కడే, 1962లో. నలుగురూ దేశమంతా తిరిగి పాడి, విద్యార్థుల సంఘం ఎస్‌ఎన్‌సీసీకి విరాళాలు తెచ్చారు.

పాతక్యాసెట్:
విరాళాలు సరే. కానీ ఆ రోజు హేమర్‌కి ఓటు హక్కు రాలేదు, నమోదుకి పెట్టే పరీక్షలో ఫెయిల్ చేశారు. మిసిసిపీలో నల్లవారికి పెద్ద ఎత్తున ఓటు దక్కింది 1965 ఓటు హక్కు చట్టం తర్వాతే.

చెవులపిల్లి:
ఆ చట్టం దాకా జనం నిలబడాలి కదా మధ్యలో! 1961లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో ఫ్రీడమ్ రైడర్లు, అంటే బస్సు ప్రయాణాల్లో వర్ణవివక్షను ధిక్కరించి అరెస్టయినవాళ్లు, పాడుతుంటే, ఆపకపోతే పరుపులు తీసేస్తామన్నారు కాపలావాళ్లు. తీసేశారు కూడా. వీళ్లు ఆపలేదు. పాటతో ఒరిగేదేమీ లేకపోతే వాళ్లకి అంత మంట దేనికి?

పాతక్యాసెట్:
జైలువాళ్లకి మంట పుట్టించడం వేరు, ఓటు తేవడం వేరు. నా లెక్కలో లాయర్లే ముందు.