ముత్తాత ఉత్తరంలో ‘రాజరోగం’ అని ఉంది. ఏ జబ్బు?

మహారాణిపేట మనుమరాలు:
మా వంశవృక్షం రాస్తున్నాను. నాన్నమ్మ ట్రంకుపెట్టెలో 1936 నాటి ఉత్తరం దొరికింది. ముత్తాత విశాఖపట్నం నుంచి విజయనగరంలో ఉన్న తమ్ముడికి రాశారు. ‘పెద్దదానికి రాజరోగమని తేల్చారు. చిన్నదాని సంబంధం కుదిరేవరకు ఈ మాట బయట అనవద్దు’ అని ఉంది. ఆ చిన్నది మా నాన్నమ్మే. అక్క ఇరవై రెండేళ్లకే పోయింది. జ్వరంతో పోయిందనే మేమంతా విన్నాం. వేరే కంచం, వేరే చెంబు ఇచ్చి వీధి గదిలో పడుకోబెట్టేవారని మాత్రం నాన్నమ్మ చెప్పేది. రాజరోగమంటే కలిగినవాళ్లకు వచ్చే చక్కెర జబ్బు కాదా? మాది అటువంటి ఇల్లు కాదు.

పెదవాల్తేరు నర్సమ్మ:
అమ్మా, అది క్షయ అయి ఉంటుంది. ఆయుర్వేదంలో రాజయక్ష్మ అంటారు. దక్షుడి శాపంతో చంద్రుడు క్షీణించాడంటారే, ఆ జబ్బు ఇదే. చంద్రుడికి రాజు అనే పేరు కూడా ఉంది. ఛాతీ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. వేరే కంచం మాట చదివితే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. క్షయ దగ్గినప్పుడు గాలి ద్వారా సోకుతుంది, కంచం వల్ల కాదు. అప్పటికి మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. స్తోమత ఉన్నవాళ్లు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి వెళ్లేవారు. దగ్గులో నెత్తురు పడేదేమో పెద్దవాళ్లను అడగండి.

పాత కాగితాలు:
మరణాల రిజిస్టరులో ‘క్షయ’ అనే మాట కోసమే వెతకకండి. పల్లెల్లో కారణం చెప్పేది వైద్యుడు కాదు. జ్వరమనో దగ్గనో రాసి వదిలేసేవారు. ఇంగ్లిషు కాగితాల్లో ‘థైసిస్’, ‘కన్సంప్షన్’ అని ఉంటే ఇదే. మెడ మీద గడ్డలు కట్టే క్షయ ‘స్క్రోఫులా’. దాన్ని మనవాళ్లు గండమాల అనేవారు. అయితే గండమాల అన్నదల్లా క్షయ కాదు. పేరొక్కటే చూసి తేల్చవద్దు, లక్షణాలు కూడా కలవాలి.

మహారాణిపేట మనుమరాలు:
మేనత్తకు ఫోను చేశాను. అక్క గుడ్డలు విడిగా ఉడకబెట్టేవారని, వాటిమీద నెత్తురు మరకలుండేవని నాన్నమ్మ ఆమెతో చెప్పిందట. ఆ ఇత్తడి చెంబు కూడా మేనత్త దగ్గరే ఉంది. నాన్నమ్మ దాన్ని చివరివరకు తోమి దేవుడి గదిలో పెట్టుకునేది. తన పెళ్లి కోసమే అక్క జబ్బును దాచారని ఆమెకు తెలుసేమో! వంశవృక్షంలో ‘క్షయ’ అనే రాస్తాను. పెదనాన్న వద్దంటున్నారు. ఆదివారం వెళ్లి ఈ ఉత్తరం ఆయన చేతికిస్తాను.