రివాల్వర్ సిలిండర్ బిగుసుకుపోతోంది, తప్పు పౌడర్‌దా?

.45 కోల్ట్ తూటాల్లో నల్ల తుపాకిమందు బదులు పైరోడెక్స్ అనే పౌడర్ వాడుతున్నా. ఇరవై రౌండ్లు కాల్చేసరికి సిలిండర్ తిరగనని మొరాయిస్తోంది. ఎందుకంటారు?

> నా అనుమానం బుల్లెట్ గ్రీజు మీదే. పెట్రోలియం రకమైతే పౌడర్ కాలిన మసితో కలిసి తారులా గట్టిపడుతుంది, తేనెమైనం, జంతు కొవ్వు కలిపిన మెత్తటిది రాసి చూడండి.

> పౌడర్‌ని త్రాసులో తూచి పోయడం లేదు కదా? పైరోడెక్స్ నల్ల తుపాకిమందు కన్నా తేలిక, అందుకే ఘనపరిమాణంతోనే కొలుస్తారు. తయారీదారు పట్టిక దాటొద్దు, బుల్లెట్ కింద ఖాళీ అస్సలు ఉండకూడదు.

> కాల్చిన తూటాల ఖాళీ కేసులు (తొడుగులు) ఆ రోజే సబ్బునీళ్లలో వేయండి. నేనోసారి బద్ధకించి వారం వదిలేస్తే లోపలంతా పచ్చటి చిలుము!

దొంగ దొరికాడు, నా గ్రీజు డబ్బా మీద పెట్రోలియం అనే ఉంది.