భీముడి పద్యం వాళ్లకు, ద్రౌపది పద్యం వీళ్లకు

పహల్గాం తర్వాత పోతనను కూడా రెండు పార్టీలూ పంచుకున్నాయి. 2025 ఏప్రిల్ 22న అక్కడ ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, మే 10న కాల్పులు ఆగాయి. జూలై చివర్లో పార్లమెంటులో దాని మీద గట్టిగా వాదులాడుకున్నారు. ఈ రోజులన్నిటా హనుమకొండ వాట్సాప్ గుంపుల్లో రెండు పద్యాల కార్డులు తిరుగుతూనే ఉన్నాయి. ఒక పక్షం పంపేది భీముడి పద్యంలో మొదటి రెండు పాదాలు:

కొడుకులఁ బట్టి చంపె నని కోపము నొందదు బాలఘాతుకున్
విడువు మటంచుఁ జెప్పెడిని వెఱ్ఱిది ద్రౌపది, వీఁడు విప్రుఁడే?

కింద 'చర్చలు కావాలనే మేధావులకు అంకితం' అని ఒక ముక్క. అవతలి పక్షం కార్డు మీద ద్రౌపది పద్యం:

అక్కట! పుత్రశోకజనితాకులభార విషణ్ణచిత్తనై
పొక్కుచు నున్న భంగి...

దాని కింద 'యుద్ధం కావాలనేవాళ్లు ఒకసారి చదవండి' అని. నేను ఇలా కుమిలిపోతున్నట్టే నీ తల్లి ఈ రోజు ఎక్కడ ఏడుస్తున్నదో కదా అని ద్రౌపది అశ్వత్థామతో అంటున్నది. రెండూ భాగవతం ప్రథమ స్కంధంలోవే, ఒకే ఘట్టంలోవే. పోతన ఊరు బమ్మెర మనకు కూతవేటు దూరం, కానీ ఘట్టం మొత్తం చదివిన వాళ్లు ఈ కార్డులు పంపుతున్నట్టు కనిపించలేదు. అందుకే ఇది.

కథ అందరికీ తెలిసిందే. అశ్వత్థామ రాత్రివేళ శిబిరంలో దూరి నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. తల తెస్తానని అర్జునుడు ఆమెకు మాట ఇచ్చి వెంటపడ్డాడు. అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వేస్తే అర్జునుడూ వేశాడు. రెండూ కలిసి లోకాలు కాలిపోతుంటే రెండింటినీ తానే ఉపసంహరించాడు. తర్వాత పగవాణ్ణి కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెట్టాడు. 'అక్కట' పద్యానికి ముందు ఆమె అన్నది ఇది:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీఁకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?

ఉగ్రవాదం మీద ఇంతకంటే పకడ్బందీ అభియోగపత్రం నేను తెలుగులో చదవలేదు. హంతకుడు చెప్పుకోగల సాకులన్నిటినీ ఒక్కొక్కటిగా మూసేసింది. నీ మీదికి దూకి రాలేదు. ఆయుధం పట్టి యుద్ధభూమిలో లేరు. నీకు ఇసుమంత ద్రోహమూ చేయలేదు. చీకటి, పసితనం, యుద్ధం తెలియనితనం, నిద్ర. అన్నీ చెప్పాక తిట్టలేదు, శపించలేదు. 'నీ చేతులెట్లాడెనో' అని అడిగింది, అంతే. చావు కబురు విన్న ఇంట్లో 'చేయి ఆడటం లేదు' అని మనం ఇప్పటికీ అంటాం. ఆ మాటే ఇక్కడ హంతకుడి ముఖాన పడింది. ఈ పద్యాన్ని ఏ పార్టీవాళ్లూ కార్డు చేయలేదు. నేరాన్ని ఇంత సూటిగా చెప్పాక కూడా వదిలిపెట్టమన్న మనిషి ఎవరికీ అచ్చిరాదు మరి.

ఇక భీముడి పద్యంలో కార్డు మింగేసిన రెండు పాదాలు:

విడువఁగ నేల? చంపుఁ డిటు వీనిని. మీరలు సంపరేని నా
పిడికిటిపోటునన్ శిరము భిన్నము సేసెదఁ జూడుఁ డిందఱున్.

మీరు చంపకపోతే నా పిడికిటి పోటుతో వీడి తల పగలగొడతాను, చూడండి అంటున్నాడు. పిడికిలి తనది. మన కార్డుల వీరులు పంపేది ఇంకొకరి ఇంటి పిల్లలను. ఇంకొకటి: కోపం నషాళానికంటిన భీముడు కూడా ద్రౌపదిని 'వెఱ్ఱిది' అన్నాడే గానీ, నువ్వు వాడి మనిషివి అనలేదు. పార్టీల తగాదాలో మొదట వచ్చేది ఆ మాటే. వెనుకాడమన్నవాడు దేశద్రోహి, కొట్టమన్నవాడు యుద్ధపిపాసి.

ఆ వెంటనే వచ్చే వచనం చూడండి. ద్రౌపది అశ్వత్థామకు అడ్డం వచ్చింది. 'భీముని సంరంభంబు సూచి హరి చతుర్భుజుండయి రెండు చేతుల భీముని వారించి, కడమ రెండు చేతుల ద్రుపదపుత్రికను దలఁగించి, నగుచు' భీముడితో మాట్లాడాడు. సంస్కృత మూలంలో 'చతుర్భుజః' అని ఒక్క ముక్కే ఉంది. ఏ చేతులు ఎవరి మీద పడ్డాయో విడమరచి చూపించింది మన పోతన. రెండు చేతులూ భీముడికే సరిపోతే, ఆమెను తప్పించడానికి ఇంకో రెండు కావలసి వచ్చాయి.

*

పై మాటల మీద గుంపు సభ్యుల ప్రశ్నలు, నా జవాబులు:

ములుగు రోడ్డు సభ్యుడు: సార్, 'సంపరేని' అన్నది మన వైపు యాసేనా? మా ఊళ్లో 'సంపుతా' అంటారు. పోతన మనవాడని చెప్పడానికి ఇది చాలు కదా!

నా జవాబు: ఆశ బాగుంది తమ్ముడూ, కానీ అది వ్యాకరణం. 'ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళంబుగా నగు' అని చిన్నయసూరి సూత్రం. 'మీరలు' ప్రథమా విభక్తి, దాని మీద 'చంపరేని' వస్తే చ కాస్తా స అయింది. అదే పాదంలో 'నేల?' తర్వాత వచ్చినది 'చంపుఁడు'గానే ఉంది చూడు. పోతన మనవాడనడానికి బమ్మెర ఉంది, సకారం అక్కరలేదు.

కరీంనగర్ సభ్యుడు: గురువుగారూ, సగం పద్యం వేశారని వాళ్లను అన్నారు, మీరు సగం కథే చెప్పారు. వదిలేశాక ఏమైంది? అదే అశ్వత్థామ ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేశాడు. 'ఇదె కాలానల తుల్యమైన విశిఖం బేతెంచె దేవేశ' అని ఆమె పరుగెత్తుకొచ్చింది. కడుపులో ఉన్నది పాండవుల ఆఖరి వంశాంకురం. ద్రౌపది జాలికి ఖరీదు ఉత్తర చెల్లించబోయింది. 1999 డిసెంబరులో కాందహార్‌లో ముగ్గురు ఉగ్రవాదులను వదిలాం. అందులో మసూద్ అజర్ మరుసటి ఏడాదే జైషే మహమ్మద్ పెట్టాడు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను చంపింది ఆ సంస్థే. భీముడి మాట విని ఉంటే?

నా జవాబు: కథ విషయంలో మీ ఎత్తిపొడుపు న్యాయమే, దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. కాందహార్ పోలిక మాత్రం అతకదు. అక్కడ వదిలింది జాలిపడి కాదు, హైజాక్ అయిన విమానంలో చిక్కుకున్నవాళ్ల ప్రాణాల కోసం. వాళ్ల బంధువులు ఢిల్లీలో ఆందోళన చేశారు. అప్పటి కశ్మీర్ ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లా వద్దన్నారు. బేరం కుదిరినప్పుడు అధికారంలో ఉన్నది వాజపేయి ప్రభుత్వం, అంటే నేడు భీముడి పద్యం పంచుతున్నవాళ్లు అభిమానించే పార్టీయే.

జగిత్యాల టీచరమ్మ: కుర్చీ మారితే పద్యం మారుతుంది, అంతే సార్. 2002లో ఉగ్రవాదం మీద పోటా చట్టాన్ని పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశం పెట్టి నెగ్గించారు. 2004లో కొత్త ప్రభుత్వం రాగానే రద్దు చేసింది. 2008 నవంబరులో ముంబైలో 166 మంది చనిపోయారు. పోటా రద్దు చేసిన ప్రభుత్వమే ఆ డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చట్టం తెచ్చి, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని (ఉపా) బిగించింది. సైన్యాన్ని మాత్రం పంపలేదు, అది చేతకానితనమని ప్రతిపక్షం దుమ్మెత్తిపోసింది. 2019లో బాలాకోట్ వైమానిక దాడి తర్వాత ఆధారాలు చూపమని అడిగింది అవతలివాళ్లు, సైన్యాన్ని అవమానిస్తున్నారన్నది ఇవతలివాళ్లు.

ఇంకో సంగతి. వ్యాసుడి భారతంలో సౌప్తిక పర్వం తీస్తే ద్రౌపది ఇలా ఉండదు. అశ్వత్థామ చావాల్సిందే అని ఆమే ప్రాయోపవేశానికి కూర్చుంది. చివరికి వాడి తలమీది మణితో శాంతించింది. ద్రౌపది అంటే దయ అని కార్డు వేసేవాళ్లు ఏ ద్రౌపదో చెబితే బాగుంటుంది.

పరకాల పెద్దాయన: టీచరమ్మ ఢిల్లీ దాకా పోయింది, మన జిల్లా మాటేమిటి? 1985లో నక్సలైట్లకు 'ఆట మాట పాట బంద్' అన్నారు. 1990లో చెన్నారెడ్డి హయాంలో ఆంక్షలు సడలిస్తే ఆ మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం సభకు జనం పోటెత్తారు. 1992లో జనార్దనరెడ్డి నిషేధం పెట్టారు. సడలించినదీ, బిగించినదీ ఒకే పార్టీ. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో వాళ్లతో ప్రభుత్వం చర్చలు జరిపింది, అవి మూడు నెలలు కూడా నిలవలేదు. 2005 ఆగస్టులో మక్తల్ ఎమ్మెల్యేను చంపారు, మళ్లీ నిషేధం వచ్చింది. భీముడి దారీ, ద్రౌపది దారీ రెండూ మా ఊరి మీదుగానే పోయాయి నాయనా. రాత్రి తలుపు కొట్టేది ఎవరైనా మాకు గుండె దడ ఒక్కటే.

కరీంనగర్ సభ్యుడు: పెద్దయ్యా, మీ బాధ కాదనను. కానీ అడవిలో మన పిల్లలకూ, సరిహద్దు దాటి వచ్చి మతం అడిగి కాల్చినవాళ్లకూ ఒకే తూకం వేయకండి.

పరకాల పెద్దాయన: తూకం వేయలేదు. ప్రభుత్వాలు ఎలా ఊగుతాయో చెప్పాను.

కాజీపేట సభ్యుడు: భాగవతంలో ఒక సౌకర్యం ఉంది, ఎవరూ గమనించినట్టు లేదు. చంపింది ఎవరో అందరికీ తెలుసు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో ఎందరో కుర్రాళ్లను పట్టుకుపోయారు. తర్వాత కేసులు కోర్టులో నిలవలేదు. పిడికిలి బిగించే ముందు ఎదురుగా ఉన్నది అశ్వత్థామేనా అని చూసుకోవాలి కదా.

నా జవాబు: ఇది కార్డుల్లో రెండు పక్షాలూ వదిలేసిన ముక్క. కృష్ణుడి తీర్పు పద్యం ఇలా మొదలవుతుంది: 'అవ్యుఁడు గాఁడు వీఁడు, శిశుహంత, దురాత్మకుఁ, డాతతాయి'. అవ ధాతువుకు రక్షించడమని అర్థం. అవ్యుడంటే కాపాడదగినవాడు. వీడు కాపాడదగినవాడు కాడని ముందు తేల్చాడు. అంటే నేరం మీద భీముడి పక్షం. అయినా బ్రాహ్మణుణ్ణి చంపకూడదన్న శాస్త్రమూ ఉంది. అర్జునుడు సైగ అర్థం చేసుకుని కత్తితో వాడి జుట్టు కోసి, మణి తీసుకుని, శిబిరం నుంచి గెంటించాడు. కులాన్ని బట్టి శిక్ష మారడం నేటి న్యాయానికి నప్పదు. నేను ఆ తీర్పును నమూనాగా చూపడం లేదు. అలాంటివాడికి జుట్టు తీయడం, ధనం లాక్కోవడం, వెళ్లగొట్టడమే వధతో సమానమని మూలం చెబుతుంది. అంటే వాళ్ల లెక్కలో అది వదిలేయడం కాదు.

కరీంనగర్ మిత్రుడికి ఇంకొకటి బాకీ ఉన్నాను. ఉత్తర పరుగెత్తుకొచ్చిన చోటే పాండవుల మీదికి ఐదు మండే బాణాలు వస్తాయి. వాళ్లు తమ ఆయుధాలు తీసుకుంటారు. కృష్ణుడు సుదర్శనంతో వాళ్లను, తన మాయతో గర్భాన్ని కాపాడతాడు. భీముడు అక్కడే ఉన్నాడు, ద్రౌపదీ ఉంది. 'నేను ఆ రోజే చెప్పానా లేదా' అని భీముడి నోట ఒక్క మాట లేదు. అనడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

కరీంనగర్ సభ్యుడు: భీముడికి ఎన్నికలు లేవు కదా గురువుగారూ.

జగిత్యాల టీచరమ్మ: సార్, విశిఖం అంటే బాణమేనా? రేపు తొమ్మిదో తరగతికి 'ఉద్రేకంబున' పద్యం చెబుతున్నాను, వెనక కథలో ఉత్తర సంగతి కూడా కలుపుతాను.

నా జవాబు: బాణమేనమ్మా. 'ఉద్రేకంబున' శార్దూలం, పదమూడో అక్షరం యతి. మొదటి పాదంలో ఉ–యు, చివరి పాదంలో ని–నీ. బోర్డు మీద గురులఘువులు వేయించండి, ప్రాస పిల్లలే పట్టుకుంటారు.