షుగరు జాగ్రత్తలు నేర్పవలసింది రోగికా, ఇంట్లోవాళ్లకా?

దేవరకొండ ఉపాధ్యాయుడు

ఈ చర్చను మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడుతున్నాను. మా నాన్నగారికి 67 ఏళ్లు. పదేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటున్న ఆయనకు, నిరుడు కాలి పుండు మానక ఆసుపత్రిలో చేర్పించినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టారు. డిశ్చార్జి రోజున "పొద్దున 20 యూనిట్లు, తిండికి అరగంట ముందు" అని చీటీ రాసి నా చేతిలో పెట్టారు. నేను దానిని చదివి, తల ఊపి, బిల్లు కట్టడానికి వెళ్లాను. ఇంట్లో ప్రతిరోజూ సూది వేయవలసిన మా వదిన ఆ సమయంలో వార్డు బయట సంచులు సర్దుతున్నది. ఆమెను ఎవరూ లోపలికి పిలవలేదు. పిలవాలని నాకూ తోచలేదు.

తర్వాత జరిగినది వరుసగా చెబుతాను. నేను కొన్న సిరంజిలకు నారింజ రంగు మూతలు ఉన్నాయి. సీసా మీద "40" అని, సిరంజి మీద "100" అని రాసి ఉన్నా, ఆ రెండు అంకెలకు సంబంధం ఉంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నారింజ మూత సిరంజి, ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందు కోసం చేసినది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికే మందులో మిల్లీలీటరుకు 40 యూనిట్లే ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మా వదిన 20 గీత దాకా సరిగ్గా లాగి వేసినా, నాన్న ఒంట్లోకి వెళ్లింది 8 యూనిట్లే. షుగరు 300 దిగకపోయేసరికి డాక్టరు గారు 30 చేశారు, అప్పటికీ దిగలేదని 40 చేశారు. ఆ 40 గీత అంటే నిజానికి 16 యూనిట్లు. ఇంతలో సిరంజిలు అయిపోయి, మా అన్న ఇంకో షాపులో ఎర్ర మూతవి తెచ్చాడు. మరునాడు పొద్దున వదిన ఎప్పటిలాగే 40 గీత దాకా లాగింది. ఈసారి ఒంట్లోకి వెళ్లింది నిజమైన 40 యూనిట్లు.

పది గంటలకల్లా నాన్న అరుగు మీద అంగీ తడిసిపోయి, మాట తడబడుతూ కనిపించారు. పక్కింటివారు పక్షవాతమన్నారు. మా అమ్మ మాత్రం ఎందుకో బెల్లం నీళ్లు కలిపి తాగించింది, మింగగలిగారు కాబట్టి బతికారు. దవాఖానలో చూసేసరికి షుగరు ఇంకా 50 దాటలేదు.

ఆనాటి నుంచి మా వదిన సూది ముట్టుకోవాలంటే వణుకుతున్నది, తప్పు ఆమెది కాకపోయినా. అందుకే నా వాదన ఇది: సూది ఎవరి చేత్తో వేస్తారో, వంట ఎవరు చేస్తారో, వారికే ముందు నేర్పాలి. రోగికి చెప్పడం, తోడు వచ్చిన కొడుకుకు చీటీ ఇవ్వడం నేర్పడం కిందికి రాదు. మీరేమంటారు?

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

సారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. సిరంజి మూత రంగు చూపించకుండా ఇన్సులిన్ రోగిని ఇంటికి పంపడం మా వైపు తప్పు. దానికి సాకు చెప్పను. కానీ మీరు తేల్చిన మాటతో నేను ఏకీభవించలేను. ముందు నేర్పవలసింది రోగికే.

కారణం చెబుతాను. షుగరు పడిపోతున్నప్పుడు మొదట తెలిసేది ఆ మనిషికే. గుండె దడ, చేతుల వణుకు, ఉన్నట్టుండి ఆకలి, ఒళ్లంతా చెమట, ఇవి పక్కవారికి కనిపించేలోగా విలువైన సమయం గడిచిపోతుంది. ఆ క్షణాన మీ వదిన పత్తి ఏరడానికి చేనుకు పోయి ఉండవచ్చు. అప్పుడు జేబులోని మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలని, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తీసుకోవాలని, తర్వాత కడుపుకు ఏదైనా తినాలని తెలియవలసింది ఆయనకు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలన్న సంగతి మాత్రం ఇంట్లోవారికి తెలిసి ఉండాలి.

ఇంకొకటి, మన ఇళ్లలో షుగరు వచ్చిన పెద్దమనిషిని చంటిపిల్లవాడిని చేసేస్తాము. పళ్లెంలో ఏం పెట్టాలో కోడలు, ఎంత సూది వేయాలో కొడుకు, ఏ దవాఖానకు పోవాలో అల్లుడు నిర్ణయిస్తారు. ఆయన మాత్రం చాటుగా కల్లు మండువాకు పోతాడు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారని లెక్కగట్టింది. ఇంతమందిని ఇంట్లో మరొకరి మీద ఆధారపడేలా చేసి ఎంతకాలం నడపగలము?

నేను నేర్పే పద్ధతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికివస్తుంది. ఖాళీ ఇన్సులిన్ సీసాలో నీళ్లు నింపి ఉంచుతాను. నల్లగొండ వైపు నుంచి వచ్చే బత్తాయిలు ఇక్కడ బండ్ల మీద దొరుకుతాయి కదా, ఒక కాయ తెప్పించి, ఆ నీటిని చెప్పిన గీత దాకా లాగి కాయకు గుచ్చమంటాను. మొదటిసారి అందరి చేతులూ వణుకుతాయి. బుడగలు పోయేదాకా తట్టడం, పొట్ట మీద నిన్న గుచ్చిన చోట కాకుండా కొంచెం జరిపి గుచ్చడం (ఒకేచోట గుచ్చితే గడ్డ కట్టి మందు సరిగా ఒంటికి పట్టదు) మూడుసార్లు చేయిస్తాను. "అర్థమయిందా?" అని అడగను. అడిగితే అందరూ "అయింది సిస్టర్" అనే అంటారు. "ఇంటికి పోయినాక మీ ఆమెకు ఎట్ల చెప్తవో నాకు చెప్పు పెద్దయ్యా" అంటాను. అప్పుడు తెలుస్తుంది ఏది ఎక్కిందో, ఏది జారిపోయిందో. దీనికి మనిషికి ఇరవై నిమిషాలు పడుతుంది, నాకు అన్ని రోజులూ ఆ ఇరవై నిమిషాలు దొరకవు.

వనపర్తి జిల్లా నుంచి ఒక కోడలు

సిస్టర్ గారూ, మీరన్నది విన్న తర్వాత నేను రాయకుండా ఉండలేకపోయాను. రోగిని చంటిపిల్లవాడిని చేస్తున్నామన్నారు. మా అత్తమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. ఆమెకు ఏ సంగతీ ఎవరూ నేర్పలేదు, నాకూ నేర్పలేదు. కానీ రిపోర్టులో అంకె పెరిగిన ప్రతిసారీ డాక్టరు గారు చూసేది నావైపే. "ఏం పెడుతున్నవమ్మా?" అంటారు. ఏం పెట్టాలో మాత్రం చెప్పరు. "అన్నం తగ్గించండి" అంటారు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల బియ్యం వచ్చే ఇంట్లో, మూడు పూటలా ఒకే కుండలో అందరికీ ఉడికే ఇంట్లో, ఎంత తగ్గించాలి, దాని బదులు ఏది పెట్టాలి? జొన్నరొట్టె మంచిదన్నారని నాలుగు రొట్టెలు పెడితే అదీ పిండిపదార్థమేనని, రెండు చాలునని, పక్కన కూర, పప్పు ఎక్కువ పెట్టాలని నాకు రెండేళ్లకు గానీ తెలియలేదు.

ఉపాధ్యాయుల వారితోనూ నాకు పేచీ ఉన్నది. "చేసేవారికి నేర్పండి" అంటే అది చివరికి ఆడవారికి అప్పజెప్పడమే అవుతుంది. నేర్పిన మరుక్షణం బాధ్యత, ఆ వెంటనే నింద మొత్తం కోడలిదవుతుంది. పండుగనాడు అత్తమ్మ సత్తుపిండి ముద్ద తింటుంటే లాక్కోవడానికి నేను కావలి మనిషిని కాను. నేర్పితే మా ఆయనకూ నేర్పండి. వారానికి ఒకసారి అత్తమ్మ కాలివేళ్ల సందులు చూడడానికి కొడుకు చేతులు పనికిరావా?

మక్తల్ వాసి, ప్రస్తుతం పుణే

పాలమూరు నుంచి వలస వచ్చినవారి కోసం రెండు మాటలు. నేను సైటు మీద రేకుల గదిలో నలుగురితో ఉంటాను. భార్యాపిల్లలు ఊళ్లో ఉన్నారు. ఇంట్లోవారికి నేర్పితే నాకు ఏం ఒరుగుతుంది? నాకు ఫ్రిజ్ లేదు. తెరిచిన ఇన్సులిన్ సీసా మరీ వేడి తగలకుండా ఉంటే నాలుగు వారాల దాకా పనిచేస్తుందని, పెద్ద కుండలో తడి ఇసుక పోసి చిన్న కుండ దించి అందులో సీసా పెడితే ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుందని నాకు చెప్పింది తోటి కూలీ. సిస్టర్ గారి పక్షమే నాది.

నల్లగొండ న్యాయవాది

చట్టం ఏ వైపు ఉన్నదో గుర్తుచేస్తాను. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మేజరైన రోగికి స్పృహ తిరిగి వచ్చాక అడిగే వీలున్నప్పుడు, అత్యవసరం లేని చోట ఆపరేషన్‌కు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని తేల్చిచెప్పింది. నిర్ణయం రోగిది కాబట్టి ఆ నిర్ణయానికి కావలసిన సమాచారమూ రోగికే చేరాలి. "పేషెంటుకు చెప్పకండి సార్, మాకు చెప్పండి" అనే మన అలవాటు ప్రేమతో పుట్టినదే అయినా, మనిషి హక్కును పక్కన పెడుతుంది.

దేవరకొండ ఉపాధ్యాయుడు

వకీలు గారూ, మీరు చెప్పిన తీర్పు ఆపరేషన్‌కు ఒప్పుకోవడం గురించి. ఇక్కడి ప్రశ్న ప్రతిరోజూ పొద్దున ఏడు గంటలకు సిరంజి ఎవరు పట్టుకుంటారన్నది. మా నాన్నకు చూపు మందగించింది, గీతలు కనబడవు. ఆయన హక్కును ఎవరూ కాదనడం లేదు.

విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, మర్రిగూడ మండలం

ముప్పై ఏళ్లకు పైగా ఈ మండలాల్లో తిరిగినవాడిని కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను, మన్నించండి.

మీరందరూ ఎవరికి నేర్పాలని వాదిస్తున్నారు. నేను నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్లలో నేర్పినవాడిని. బోరు నీళ్లు తాగకండి, పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల ఎముకలు బిగుసుకుపోతాయి, బిగిసినవి మళ్లీ వదలవు అని గోడల మీద రాయించాను, బడుల్లో చెప్పాను. విన్నవారు ఒకే ఒక ప్రశ్న అడిగేవారు: "మరి ఏ నీళ్లు తాగాలె సారూ?" నా దగ్గర జవాబు ఉండేది కాదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో నీటిలో ఫ్లోరైడు తగ్గించడానికి రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి లెక్క ప్రకారం కలిపి, బాగా కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చి పైనీరు వంచుకోవాలి. శాస్త్రంగా అది సరైనదే. ఆడవారికి బకెట్లు ముందు పెట్టి నేర్పాను, చక్కగా నేర్చుకున్నారు. నెల తర్వాత వెళ్లి చూస్తే ఒక్క ఇంట్లోనూ బకెట్ లేదు. నీళ్లు మోసుకొచ్చి, కూలికి పోయే ముందు గంటసేపు దాని దగ్గర కూర్చోవాలి, పటిక అయిపోతే కొనడానికి పట్నం పోవాలి. నేర్పిన తీరులో లోపం లేదు, నేర్పిన పని వారి రోజులో ఇమడలేదు. ఆ తర్వాత ఇంటింటికీ కృష్ణా నీళ్లు వచ్చాకే నా పాత పాఠానికి అర్థం వచ్చింది.

కాబట్టి వనపర్తి బిడ్డ అడిగిన ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. పాఠం చెప్పేముందు ఆ ఇంట్లో పొద్దున నాలుగు నుంచి రాత్రి పది దాకా ఎవరు ఏం చేస్తారో అడగాలి. ఆ తర్వాతే ఏ ముక్క ఎవరికి నేర్పాలో తెలుస్తుంది.

కుటుంబాన్ని దగ్గర పెట్టుకుని నేర్పడం మనకు కొత్త కాదు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను అక్కడే ఉంచుకుని, రోగితో ఎలా మెలగాలో ఇద్దరికీ కలిపి చెప్పారు. వార్డు బయట సంచులు సర్దుతున్న మనిషిని ఆయన లోపలికి పిలిచాడు, రోగిని బయటికి పంపలేదు. నర్సమ్మ గారూ, ఉపాధ్యాయుల వారూ, మీ ఇద్దరి వాదనలోనూ ఒకరిని గది బయటే ఉంచుతున్నారు.

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

పెద్దలు చెప్పినది కాదనను. చూపు ఆననివారికి, చేతులు వణికేవారికి మరొకరి చెయ్యి తప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఒక్క మాట మీద మాత్రం నిలబడతాను: సూది ఎవరు వేసినా, షుగరు పడిపోతున్న గుర్తులూ జేబులో చక్కెరా రోగివి. దానిని ఇంకెవరికీ అప్పగించలేము. ఉపాధ్యాయుల వారూ, మీ నాన్నగారికి గీతలు కనబడకపోవచ్చు, మూత రంగు కనబడదా?

దేవరకొండ ఉపాధ్యాయుడు

సిస్టర్ గారూ, మీ ప్రశ్నను నిన్న రాత్రి నాన్నకే వేశాను. రెండు సిరంజిలు చేతిలో పెడితే, "ఇది ఎరుపు, ఇది నారింజ, గంత మాత్రం కనబడదా బిడ్డా" అన్నారు. నాకు సిగ్గనిపించింది. ఇన్ని నెలలుగా ఆయన ఒంట్లోకి పోయే మందు గురించి మేము ఒక్కనాడూ ఆయనను అడగలేదు.

ఈ రోజు పొద్దున ఇలా చేశాము. నాన్న సీసానూ సిరంజినీ చేతిలోకి తీసుకుని, మూత ఎర్రదేనని చెప్పారు. మా అన్న సీసా మీద 40 అనే అంకె చదివాడు. వదిన గీత దాకా లాగి, ఎన్ని యూనిట్లో గట్టిగా చెప్పింది. నాన్న చీటీలోని అంకె తనకు గుర్తున్నట్టు ముందే చెప్పి సరిచూసుకున్నారు. వదిన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉన్నది. మూడు నిమిషాల పని పది నిమిషాలు పట్టింది, బడికి ఆలస్యమయింది.

అయినా నేను మొదట అన్న మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. ఆసుపత్రిలో ఇరవై నిమిషాలు మాత్రమే దొరికి, ఒక్కరికే నేర్పగలిగితే, చూపు ఆనని మా నాన్న విషయంలో నేను ఇప్పటికీ వదిననే ఎంచుకుంటాను. మీరు నాన్నను ఎంచుకుంటారు. సోమవారం ఓపీకి ముగ్గురం వెళ్తున్నాము. వదిన కూడా గదిలోకి వస్తుందని ముందే చెప్పి కూర్చుంటాము. ఖాళీ సీసా, రెండు రకాల సిరంజిలు, ఒక బత్తాయి ఇప్పటికే సంచిలో పెట్టుకున్నాను.