అప్‌డేట్: దానియేలు 2లో నాలుగో రాజ్యం ఏది?

బైబిల్లోని దానియేలు గ్రంథం 2వ అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరుకు కలలో ఒక ప్రతిమ కనిపిస్తుంది, దాని నాలుగు లోహాలు వరుసగా వచ్చే నాలుగు రాజ్యాలకు గుర్తు. నాలుగోదైన ఇనుప కాళ్లు రోమా, గ్రీసా అని ఇంతకుముందు అడిగాను కదా. మీరు చెప్పినట్టే 8వ అధ్యాయం పక్కన పెట్టుకుని చదివాను. 8:20లో మాదీయులు, పారసీకులు కలిపి ఒకే పొట్టేలు, కొమ్ములు రెండు, అంటే ఇద్దరిదీ ఒకే రాజ్యం. అలా లెక్కిస్తే బబులోను, మాదీయ పారసీకం, గ్రీసు, నాలుగోది రోమా (వాళ్లను విడివిడిగా లెక్కిస్తే నాలుగోది గ్రీసు అవుతుంది). నేను ఇటే మొగ్గుతున్నాను.

కాకపోతే 2:43లో ఇనుము, మట్టి కలిసిన పాదాల గురించి చెబుతూ సంబంధాలు కలుపుకున్నా అతుక్కోరన్న మాట చూస్తే, అలెగ్జాండర్ తర్వాతి సెల్యూకిడ్, టాలమీ అనే గ్రీకు రాజవంశాల మధ్య పెళ్లిళ్లే గుర్తొస్తాయి. గ్రీసు వాదనను అంత తేలిగ్గా కొట్టేయలేం (మొదట కొట్టేశాను, ఒప్పుకుంటున్నా).

ఇక కలలో ఆ ప్రతిమను పగలగొట్టిన రాయి (దేవుని రాజ్యానికి గుర్తు) సంగతి. 2:35లో అది పర్వతమై భూమంతా నిండటం మెల్లగా పెరిగినట్టే ఉంది. కానీ 34లో దెబ్బ మాత్రం పాదాల మీద ఒక్కసారిగానే పడింది.