మా తమ్ముడి చావు గుండె ఖాతాలో పడింది. మానసిక జబ్బుల భారాన్ని ఇలాగేనా కొలవడం?

తమ్ముడి_అక్క:
ప్రపంచ జబ్బుల భారం అంచనాల్లో 2019 లెక్క చూశాను. మొత్తం డాలీల్లో మానసిక జబ్బుల వాటా 4.9 శాతమేనట. డాలీ అంటే తెలియనివారికి: ముందే చనిపోవడం వల్ల పోయిన ఏళ్లకు, జబ్బుతో బతకడం వల్ల పోయిన ఆరోగ్యాన్ని కలిపితే వచ్చేది. ఆత్మహత్యలేమో గాయాల ఖాతాలో వేస్తారు.
మా తమ్ముడికి స్కిజోఫ్రినియా అనే తీవ్ర మానసిక జబ్బు. మందులతో ఒళ్లు పెరిగింది, షుగర్ వచ్చింది. ఛాతీ నొప్పి అంటే అది కూడా వాడి భ్రమే అన్నారు. 46 ఏళ్లకే పోయాడు. సర్టిఫికెట్లో గుండెపోటు అని రాశారు. ఇది తప్పుడు లెక్క కాదా?

రఘురామ్_కె:
తప్పు కాదమ్మా, నియమం. ఒక చావుకు ఒకటే మూల కారణం. లేకపోతే ఒకే మనిషిని రెండు ఖాతాల్లో రాస్తాం, అన్నీ కూడితే అసలు చావుల కంటే ఎక్కువ తేలతాయి. 1990లలో ముర్రే, లోపెజ్ అనే పరిశోధకులు ఈ జబ్బుల భారం లెక్క తెచ్చిందే అలాంటి గందరగోళం పోవాలని.

చుక్క:
డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, చావులు డిమెన్షియా ఖాతాలోకే వెళ్తాయి కదా. మెదడుకో న్యాయం, మనసుకో న్యాయమా?

తమ్ముడి_అక్క:
అదే నేనూ అడిగేది. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే పది నుంచి ఇరవై ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ ఏళ్లు ఎటు పోయాయి? 2016లో వీగో అనే పరిశోధకుడి బృందం లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఆత్మహత్యల్నీ, కొన్ని నరాల జబ్బుల్నీ మానసిక జబ్బుల వైపు కలిపి చూస్తే మొత్తం డాలీల్లో 13 శాతం తేలింది.

రఘురామ్_కె:
గీత జరిపితే సంఖ్య మారుతుంది, అందులో వింత లేదు. పక్షవాతాన్నే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత జబ్బుల వర్గీకరణలో రక్తప్రసరణ జబ్బు, కొత్తదైన ఐసీడీ-11లో నాడీ జబ్బు. 2021లో నాడీ సమస్యలున్నవాళ్లు 340 కోట్ల మంది అన్న లెక్కలో అదీ ఉంది. మళ్లీ చెబుతున్నా, రెండుసార్లు లెక్కపెట్టకూడదు.

మూర్ఛతో_నేను:
మీ ఇద్దరూ చావుల దగ్గరే ఆగిపోయారు. నేను బతికే ఉన్నాను. నెలకు రెండు మూడుసార్లు ఫిట్స్ వస్తాయి. డాలీలు కట్టడానికి ఒక్కో జబ్బు స్థితికి ఒక బరువు వేసే పట్టికలో నా స్థితికి 0.552 వేశారు. స్కిజోఫ్రినియా ఉధృతంగా ఉన్న దశకు 0.778. సున్నా అంటే పూర్తి ఆరోగ్యం, ఒకటి అంటే చావు. అంటే నేను సగానికి పైగా పోయినట్టా?

రఘురామ్_కె:
అది మనిషి విలువ కాదండీ, ఆరోగ్యంలో లోటు. బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా, అమెరికాల్లో మామూలు జనానికి ఇద్దరి స్థితిని రెండు మూడు వాక్యాల్లో చెప్పి, ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని అడిగారు. ఇంటర్నెట్లోనూ అడిగారు. ఆ జవాబుల నుంచే బరువులు తీశారు.

మూర్ఛతో_నేను:
ఆ వాక్యాల్లో నన్ను ఉద్యోగం మాన్పించిన సంగతి లేదు. ఫిట్స్ రెండు నిమిషాల్లో పోతాయి. ఉద్యోగం తిరిగి రాలేదు.

తమ్ముడి_అక్క:
సంఖ్య పెద్దదైతేనే డబ్బు కేటాయిస్తారు. ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో మానసిక ఆరోగ్యానికి సుమారు 2 శాతమే.

రఘురామ్_కె:
డబ్బు కోసం లెక్క మార్చమంటారా? మీ దుఃఖాన్ని పట్టికలోకి తేకండి.

తమ్ముడి_అక్క:
నా దుఃఖమా? వాడు రాత్రంతా గోడకు చెవి ఆనించి ఎవరో పిలుస్తున్నారని వినేవాడు. బయటికి వెళ్లిపోతాడేమోనని నేను గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్ని. పదిహేనేళ్లు! చూసుకునేవాళ్ల ఏళ్లు మీ డాలీలో ఏ గడిలో ఉన్నాయో చెప్పండి.

నీలిమ:
లేవు. జబ్బుపడిన మనిషి లోటు వరకే కొలుస్తారు.

మూర్ఛతో_నేను:
అక్కా, కోపం వద్దు. మీకు సంఖ్య పెరగాలి. నాకు ఆ సంఖ్యంటేనే భయం. బరువు పెరిగేకొద్దీ నన్ను పనికిరానివాడని అనడానికి ఇంకో కాగితం దొరుకుతుంది. మనిద్దరికీ అసలు తేడా ఇక్కడుంది.

తమ్ముడి_అక్క:
నేను అలా ఆలోచించలేదు తమ్ముడూ. కానీ కనబడకుండా పోవడం కూడా అంతే భయం నాకు.

రఘురామ్_కె:
అమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. మరణ కారణాలకు కోడ్‌లు వేయడం నా ఉద్యోగం, అందుకే అంత పట్టుబట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మరణ సర్టిఫికెట్ నమూనాలో రెండు భాగాలుంటాయి. మొదటిది చావుకు నేరుగా దారితీసినవి. రెండోది దానికి తోడైన జబ్బులు. స్కిజోఫ్రినియా అక్కడ రాయొచ్చు. రాస్తే మూల కారణం ఒకటే ఉంటుంది, ఆ పేరు కూడా మిగులుతుంది. నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలా కాగితాల్లో ఆ భాగం ఖాళీ. మీ తమ్ముడి కాగితంలో ఏముందో చూశారా?

తమ్ముడి_అక్క:
ఇప్పుడే బీరువాలోంచి తీశాను. రెండో భాగంలో ఈ చివర నుంచి ఆ చివరికి గీత కొట్టేశారు.